జ్వరంలో అమ్మ తినడం లేదు, షుగర్ మాత్రలు వేయాలా?

మాది తిరుపతి, కొర్లగుంట. వీధిలో చాలామంది ఫ్లూతో మంచం పట్టారు. అమ్మకు 62 ఏళ్లు, చాలాకాలంగా షుగర్. మొన్నటి నుంచి జ్వరం, దగ్గు. రెండు గరిటెల రాగిజావ తప్ప ఏమీ దిగడం లేదు, అయినా పొద్దున పరగడుపున షుగర్ 240 ఉంది. ఇన్ఫెక్షన్ ఉంటే తినకపోయినా షుగర్ పెరుగుతుందని తెలుసు. నా టెన్షనంతా అమ్మ వేసుకునే షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ గురించే. తిండి లేకుండా వేస్తే షుగర్ పడిపోతుంది కదా? మానేస్తే ఇంకా పెరుగుతుందేమో! డాక్టర్ గారు రేపు గానీ దొరకరు.

ఇలాంటప్పుడు మీ ఇళ్లలో ఎన్ని గంటలకోసారి షుగర్ చూశారు? ఏ లక్షణం కనిపిస్తే రేపటిదాకా ఆగకుండా రుయా ఆసుపత్రికి తీసుకెళ్లాలి? నాయనకూ షుగరే, ఆయనకింకా జ్వరం రాలేదు. ఫ్లూ టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ఇప్పుడు వేయించినా మేలేనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.