సమస్య: అప్పులిచ్చు షైలాకు మహాత్ముఁ డగును (తేటగీతి) – పూరణలు, చర్చ

అందరికీ నమస్కారం. ఈ వారం తేటగీతి నాలుగో పాదం ఇస్తున్నా, పై మూడు పాదాలూ మీరు పూరించాలి:

అప్పులిచ్చు షైలాకు మహాత్ముఁ డగును

యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) అ–హా, చూసుకోండి. షైలాకు అనే పేరుతో పాదం మొదలుపెట్టకండి, షైలా రెండూ గురువులే కాబట్టి సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) రాదు, పోయినసారి ఇలాంటి చోటే చాలామందికి గణభంగం అయింది. ఇంకో సంగతి ఛందస్సు కంటే ముఖ్యం. షైలాకు (షైలాక్) అంటే షేక్‌స్పియర్ నాటకం ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో అప్పులిచ్చే యూదుడు. పేపర్ హెడ్డింగుల్లో, మీటింగుల్లో వడ్డీకోసం పీడించే ప్రతివాణ్ణీ షైలాక్ అనేయడం మనకి అలవాటైపోయింది, ఆ పేరు వెనక ఒక జాతి మొత్తం పడ్డ నింద ఉంది, అందుకే కావాలనే ఈ పేరు పెట్టి ఇచ్చా. దీన్ని నొప్పించకుండా ఎలా పూరిస్తారో చూడాలని ఉంది.

మొదటి పూరణ, అంబర్‌పేట సభ్యుడు

బిడ్డ యాస్పత్రి మంచాన వెతను బొంద
చుట్టపక్కాలు తలుపులు చూచి మూయ
అర్ధరాత్రి వేళ పిలిచి హస్తమందు
అప్పులిచ్చు షైలాకు మహాత్ముఁ డగును

బాగుందన్నా, రెండో పాదం చాలా బాగుంది, "చూచి మూయ" అన్నచోట ఆ చుట్టాల మొహాలు కనపడ్డాయి. సమస్య అచ్చుతో మొదలవుతుంది కాబట్టి మూడో పాదం చివర సంధి చేయకుండా ఆగినందుకు తప్పు పట్టను. సుమతీ శతకంలో ఊళ్ళో ఉండాల్సినవాళ్ళ లిస్టు మొదలయ్యేదే అప్పిచ్చువాడితో, వైద్యుడు కూడా ఆ తర్వాతే, మీ పద్యం ఆ దారిలోనే ఉంది. అప్పిచ్చేవాడు అంటేనే దుర్మార్గుడు అని మన కవిత్వం ఎప్పుడూ అనలేదు. కానీ మీరు చెప్పింది మన ఆస్పత్రి కారిడార్ కథ, అందులో షైలాకు ఎవరు? ఆ పేరు అక్కడ తిట్టుగానే మిగిలిపోయింది.

ఒక పూరణ తీసేశాను

పేరు చెప్పను. గణాలు, యతి అన్నీ కుదిరాయి, కానీ రెండో పాదంలో వడ్డీ ఆశ అనేది యూదులకి పుట్టుకతో వచ్చిన గుణం అన్న అర్థం ఉంది. అది ఈ గ్రూపులో ఉండదు. సభ్యుడు అడిగారు: "గది నేనన్నది కాదు సార్, నాటకంలనే ఉన్నది కదా, షేక్‌స్పియరే అట్ల రాసిండు, నన్నెందుకంటరు?"

న్యాయమైన ప్రశ్నే, అందుకే కొంచెం వివరంగా చెప్తా. ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ రాసింది దాదాపు 1596–97లో. ఇంగ్లండ్ నుంచి యూదుల్ని రాజు 1290లోనే వెళ్ళగొట్టాడు, మళ్ళీ రానిచ్చింది 1656 ప్రాంతంలో, అంటే ఆ నాటకం చూసిన లండన్ జనంలో చాలామందికి పక్కింట్లో ఒక యూదు కుటుంబం ఉండటం అంటే ఏంటో తెలీదు, వాళ్ళకి తెలిసిందల్లా చెప్పుకునే కథలే. అప్పట్లో యూరప్‌లో చాలాచోట్ల వాళ్ళకి భూమి కొనే హక్కు లేదు, చేతివృత్తుల సంఘాల్లోకి రానివ్వరు, క్రైస్తవులు వడ్డీ తీసుకోవడం చర్చి ప్రకారం పాపం, అప్పు మాత్రం అందరికీ కావాలి. అన్ని తలుపులూ మూసి ఒక్క పని వదిలి, ఆ పని చేసినందుకే అసహ్యించుకున్నారు. వెనిస్‌లో 1516 నుంచి వాళ్ళని ఒక పేటలో పెట్టి రాత్రిళ్ళు గేట్లు మూసేవాళ్ళు. ఇది గుణం ఎలా అవుతుంది చెప్పండి?

ఇంకోటి, మనలో చాలామంది షైలాకే ఆ వెనిస్ వర్తకుడు అనుకుంటారు, కాదు, వర్తకుడు ఆంటోనియో. షైలాకు ఆంటోనియోకి ఇచ్చిన మూడు వేల డకట్ల (బంగారు నాణేల) అప్పుకి వడ్డీయే అడగడు! గడువు దాటితే ఆంటోనియో ఒంట్లోంచి పౌండు మాంసం అని రాయించుకుంటాడు, అది క్రూరమే, కాదనను. కానీ తన మీద ఉమ్మేసి కుక్క అని తిట్టినవాడే అప్పుకి వచ్చాడని అదే సీన్లో అతను మొహం మీదే అంటాడు, చివరికి అతన్ని బలవంతంగా మతం మార్పిస్తారు. ఇదంతా వదిలేసి పేరొక్కటి తెచ్చుకుని మన ఫైనాన్స్ వాళ్ళకి తగిలిస్తున్నాం. 2014లో అమెరికా ఉపాధ్యక్షుడిగా ఉన్న జో బైడెన్ సైనికుల్ని అప్పులతో ముంచేవాళ్ళ గురించి మాట్లాడుతూ ఈ మాటే వాడి, యూదు సంస్థ అభ్యంతరం చెప్తే తప్పు మాట వాడానని ఒప్పుకున్నాడు.

"ఇక్కడ యూదులెక్కడున్నారు మాస్టారూ నొచ్చుకోడానికి" అని ఇంకొకరు రాశారు. ఉన్నారండీ. గుంటూరు దగ్గర చేబ్రోలు వైపు బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునేవాళ్ళున్నారు, యూదు ఆచారాలు పాటిస్తారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మన పద్యం వాళ్ళకి అనువాదం అక్కర్లేకుండానే అర్థమవుతుంది. వాళ్ళు లేకపోయినా తీసేసేవాణ్ణే.

తార్నాక సభ్యురాలి పూరణ

ఉమ్మి వేయని వీధిలో నుండ నిచ్చి
కుక్కయని తిట్టు నాలుకల్ కుదురు చేసి
సాటి మనిషిగా చూచిన చాలు, నాడె
అప్పులిచ్చు షైలాకు మహాత్ముఁ డగును

అక్కా, ఇది ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ. పేరు నాటకంలోనే ఉంది, నాటకంలో మనిషి గురించే ఉంది, అతని మీద పడ్డ ఉమ్మి దగ్గర మొదలైంది. సా–చా యతి కూడా హాయిగా పడింది. "నాడె" దగ్గర సమస్య తిరగబడటం చూడండి, ఒక్క మాటతో వైరుధ్యం పోయింది. షైలాకు మాట జాగ్రత్తగా వాడటమంటే ఇదే అని నేననుకుంటున్నా.

కాచిగూడ సభ్యుడి పూరణ

ఫోను లోపలి ఫోటోలు పోగుచేసి
బంధుమిత్రులందరికిని పంపు ఖలుడు
యాపు పేరుతో ధర్మాత్ము డైన యట్లు
అప్పులిచ్చు, షైలా! కుమహాత్ముఁ డగును

ఏం విరుపన్నా! షైలా అని స్నేహితురాల్ని పిలిచి, "కు"ని తీసుకెళ్ళి మహాత్ముడికి తగిలించారు, కుకవి, కుమతి లాగా కుమహాత్ముడు. యూదుల ఊసే లేదు, 2020 చివర్లో మన హైదరాబాద్ పోలీసులు అరెస్టులు చేసిన లోన్ యాపుల గొడవ మొత్తం ఉంది, ఆ రోజుల్లో కాంటాక్టుల్లో ఉన్నవాళ్ళందరికీ మెసేజులు పెట్టి పరువు తీసేవాళ్ళు, సిగ్గుతో ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇంత కచ్చితంగా ఒక దుర్మార్గం చెప్పగలిగినప్పుడు వెనిస్ దాకా పోవాల్సిన పనేముంది?

మధ్యలో ఒకరు షైలాక్ వద్దంటే మన దగ్గర వ్యాపారం చేసే కులం పేరు పెడతానన్నారు. వద్దు తమ్ముడూ, అది కూడా అదే తప్పు, ఊరు మారింది అంతే. నిజాం కాలంలో కూడా ఇక్కడ అప్పుల గోస తక్కువేం కాదు, 1349 ఫసలీలోనే (నిజాం సర్కారు లెక్క, మనకి 1939–40) వడ్డీవ్యాపారుల చట్టం చేయాల్సొచ్చింది, ఆ వ్యాపారుల్లో అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. పీడించినవాణ్ణి వాడు చేసిన పనితో పిలవండి. నాగువడ్డీ, చక్రవడ్డీ, గిరిగిరి, కాల్‌మనీ, ఇన్ని మాటలున్నాయి, ప్రతి మాటా ఏం జరిగిందో చెప్తుంది.

మన గల్లీ కథే రాయాలనుకునేవాళ్ళకి ఇంకో పాదం ఇస్తున్నా, గణాలు సరిగ్గా సరిపోతాయి, యతి అదే:

అప్పులిచ్చు నిర్దయుడు మహాత్ముఁ డగును

నాటకం గురించి రాసేవాళ్ళు పాత పాదమే ఉంచుకోండి.

పూరణ తీసేయించుకున్న సభ్యుడు మళ్ళీ పంపినది

"సార్, సమజైంది. గిది సూడండి."

వారవారము వడ్డికి వచ్చువాడు
కట్టలేనని యేడ్చి నే కాళ్ళు మొక్క
అసలు చాలని వడ్డిని యాపినపుడె
అప్పులిచ్చు నిర్దయుడు మహాత్ముఁ డగును

చాలా సంతోషం. మొదటి పాదంలో వ–వ–వ ఆ గేటు తట్టే చప్పుడు లాగానే ఉంది. ఒక్క సవరణ: "వడ్డిని" చివర ద్రుతం (నకారం) ఉంది కాబట్టి యడాగమం (మధ్యలో య చేరడం) రాదు, "వడ్డిని నాపినపుడె" అనాలి. గణం మారదు, యతి ఆ అచ్చుకే చెల్లుతుంది. దిద్ది మళ్ళీ పెట్టండి, సంకలనంలో వేస్తాను.