కొరియాలో పెద్దవాళ్లు పిల్లల దగ్గర ఎందుకు ఉండరు?

సువన్_రమణ: మా ఆఫీసులో కొరియన్లు పెద్దకొడుకులైనా సరే, తల్లిదండ్రులతో కలిసి ఉండటం లేదు. వద్దంటున్నది పిల్లలా, పెద్దవాళ్లా? మంచాన పడితే ఎవరు చూస్తారు? ఇల్లు ఎవరికి పోతుంది?

ఇంచియాన్_కోడలు: పెద్దవాళ్లే వద్దంటారు. మామగారు పోయాక మావారు ఎంత బతిమాలినా అత్తగారు జొల్లాలోని ఊరు వదల్లేదు. అక్కడ క్యొంగ్నొదాంగ్‌లో, అంటే ఊళ్లో వృద్ధులు చేరే చోట, ఈడువాళ్లంతా చేరి కలిసి భోంచేస్తారు. మా అపార్ట్‌మెంట్‌లో ఆవిడకు ఎవరున్నారు? తలుపు కోడ్ మాత్రం ఇచ్చాం. మేం లేకపోయినా వచ్చి కిమ్చీ ఫ్రిజ్‌లో సర్ది వెళ్తారు.

బుసాన్_లత: కోడ్ ఇచ్చారా! నేను స్నానం చేసి వచ్చేసరికి మా అత్తగారు నా అల్మారా సర్దుతున్నారు. ఆ రోజే కోడ్ మార్చేశాను.

డేజన్_కిరణ్: కన్నతల్లికి కొడుకు ఇంటి కోడ్ ఇవ్వరా? ఆవిడ చేసిన కిమ్చీ కావాలి, ఆవిడ అక్కర్లేదా? మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది. వచ్చి ఉండమని నేను ప్రాధేయపడుతున్నాను.

బుసాన్_లత: మీ అమ్మగారు వస్తే వండిపెట్టేది మీరా, మీ భార్యా? ముందు అది చెప్పండి. కిమ్చీ డబ్బా సెక్యూరిటీ గదిలో పెట్టి, ఫోన్ చేసి వెళ్లిపోయే అత్తగార్లు ఇక్కడ బోలెడుమంది. వాళ్లకు లేని బాధ మీకెందుకు?

డేజన్_కిరణ్: నా భార్య సంగతి మీకు అనవసరం.

పద్మ_అన్సాన్: ఇక ఆపండి. నేను యోయాంగ్ బోహోసా, అంటే వృద్ధుల సంరక్షకుల పరీక్ష కొరియన్‌లో రాసి పాసై, వృద్ధుల ఇళ్లలోనే పనిచేస్తున్నాను. 2023 ప్రభుత్వ సర్వేలో 65 దాటినవాళ్లలో ఒంటరిగా ఉంటున్నవాళ్లు 32.8 శాతం, పిల్లలతో ఉంటున్నవాళ్లు 10.3 శాతమే. నేను చూసే ముసలివాళ్లు లేవలేకపోయినా ఇల్లు వదిలేది లేదంటారు. దీర్ఘకాల సంరక్షణ బీమా 2008 నుంచి ఉంది. ఎంత సాయం అవసరమో చూసి ఇచ్చే గ్రేడ్ వస్తే, చూసుకునే మనిషి ఇంటికే వస్తుంది, మామూలుగా ఖర్చులో మనం కట్టేది 15 శాతం.

గ్వాంగ్జు_సుబ్బు: 15 శాతమా? మా మామగారిని చేర్పించిన చోట ఆయాల డబ్బులకే నా జీతం చాలలేదు! తెలియకుండా చెప్పకండి.

పద్మ_అన్సాన్: మీరు చేర్పించింది యోయాంగ్ బ్యొంగ్వన్, అంటే ఆసుపత్రి. దానికి ఆరోగ్య బీమా వర్తిస్తుంది, ఆయా ఖర్చు మనదే. యోయాంగ్‌వన్, అంటే వృద్ధుల సంరక్షణ గృహం, వేరు. అక్కడ మన వాటా 20 శాతం, భోజనం అదనం. చేర్పించే ముందే ఎవరినైనా అడగాల్సింది.

సువన్_రమణ: ఇల్లు సంగతి?

ఇంచియాన్_కోడలు: 55 దాటితే ఇల్లు తాకట్టు పెట్టి, అందులోనే ఉంటూ నెలనెలా పెన్షన్ తీసుకోవచ్చు. భార్యాభర్తలిద్దరూ పోయాక ఇల్లు అమ్మితే, అప్పు పోగా మిగిలింది పిల్లలకే. మా అత్తగారు ఆ మాటే ఎత్తనివ్వరు, ఇల్లు కొడుక్కేనంటారు. పద్మగారూ, ఆ పరీక్ష ఏ వీసా ఉంటే రాయనిస్తారు?