కృతజ్ఞతల నోటుబుక్కు రాస్తుంటే చిరాకు ఇంకా పెరుగుతోంది, మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

దిల్‌సుఖ్‌నగర్ అకౌంటెంట్:
అందరికీ నమస్కారం. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నెలాఖరు లెక్కలు, జీఎస్‌టీ రిటర్నులు, ఇంట్లో పదో తరగతి చదివే కొడుకు, మోకాళ్ల నొప్పులతో బాధపడే అత్తగారు. పెద్ద కష్టాలేమీ కావు, అందరికీ ఉండేవే. కానీ సాయంత్రం అమీర్‌పేటలో రైలు మారే సమయానికి ఎవరి భుజమైనా తగిలితే చాలు, ఏడుపొస్తుంది.

ఆఫీసుకు వచ్చిన కౌన్సెలర్ ఒకావిడ రోజూ పడుకునే ముందు మూడు విషయాలకు కృతజ్ఞతలు రాయమన్నారు. రాస్తున్నాను. ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం. మర్నాడు కుటుంబం, ఉద్యోగం, ఆరోగ్యం. చిన్నప్పుడు కాపీ పుస్తకంలో ఒకే వాక్యం పేజీ నిండా దిద్దినట్టుంది. పైగా ‘ఉద్యోగం’ అని రాయగానే మా మేనేజరు శుక్రవారం సాయంత్రం ఆరింటికి పంపే ఫైలు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. ఆ వెంటనే, ఇన్ని ఉన్నా నాకు తృప్తి లేదేమిటని నన్ను నేనే తిట్టుకుంటాను. అత్తగారికి చెబితే “రోజూ దేవుడి దగ్గర దీపం పెడుతున్నావు కదా, మళ్లీ ఈ పుస్తకం దేనికి?” అన్నారు.

లోపం నాలో ఉందా, పద్ధతిలో ఉందా? ‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అని మాత్రం దయచేసి ఎవరూ రాయకండి.

వనస్థలిపురం రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, మీ అత్తగారి ప్రశ్న చాలా గట్టిది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు పద్ధతి గురించి. ఈ నోటుబుక్కుల వ్యవహారానికి ఊపు తెచ్చింది 2003లో ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన. విద్యార్థులను మూడు జట్లు చేశారు. ఒక జట్టు కృతజ్ఞత కలిగించిన విషయాలు రాసింది, ఒకటి చికాకులు రాసింది, మూడోది మామూలు సంఘటనలు రాసింది. పది వారాల తర్వాత మొదటి జట్టువారు తమ జీవితం గురించి మిగతావారికంటే మెరుగ్గా భావించారు. ఇక్కడ చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది: వాళ్లు రాసింది వారానికి ఒక్కసారే. రోజూ రాయించిన ప్రయోగాలూ అందులో ఉన్నాయి, కానీ అవి రెండు మూడు వారాలతో ముగిశాయి. ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ రాయమని ఆ పరిశోధన చెప్పలేదు. మీ విసుగు సహజం.

2005లో సెలిగ్మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చేయించిన అభ్యాసం ఇంకొకటి. రోజుకు మూడు మంచి విషయాలు, ఒక వారం పాటు. మీ కౌన్సెలర్ చెప్పింది దాదాపు ఇదే, కానీ ఒక సగం జారిపోయింది. ప్రతి విషయం పక్కనా అది ఎందుకు జరిగిందో కూడా రాయాలి. ‘ఆరోగ్యం’ అన్న మాటకు ‘ఎందుకు’ అని అడగండి, కలం ఆగిపోతుంది. ‘ఈ రోజు మావాడు అడగకుండానే కంచం కడిగాడు’ అని రాసి అడగండి, ఏదో ఒకటి తోస్తుంది.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఏటా ఆ తేదీన కొందరు ఆ చెట్టు కిందే చేరి స్మరించుకుంటారు. గమనించండి, వాళ్లు ‘చెట్లు మనకు మేలు చేస్తాయి’ అనే వ్యాసం చదవడానికి పోవడం లేదు. ఫలానా రోజు, ఫలానా చెట్టు, అంతమంది మనుషులు. పేరూ ఊరూ ఉన్న కృతజ్ఞతే నిలుస్తుంది. (పాఠం చెబుతున్నానా? ముప్పై ఏళ్ల అలవాటు, క్షమించాలి.)

ఇక దీపం. దీపం పెట్టేటప్పుడు మీ మనసు కుక్కర్ విజిల్ మీద ఉంటే, పుస్తకం కావాలి. లేకపోతే మీ అత్తగారే గెలిచారు. ఆ రెండు నిమిషాల్లోనే నిన్నటి విషయం ఒకటి తలచుకోండి, వారానికోసారి రాసుకోండి.

నైట్ డ్యూటీ నర్సు:
మాస్టారు చెప్పింది బాగుంది. కానీ అక్కా, శుక్రవారం ఆరింటి ఫైలుకు నోటుబుక్కు మందు కాదు. ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి 27 అధ్యయనాలను కలిపి చూసి 2021లో ప్రచురించారు. దిగులు, ఆందోళన తగ్గించడంలో ఈ అభ్యాసాల ప్రభావం చిన్నదేనని తేలింది. చిన్నదంటే సున్నా కాదు, నేనూ వాడతాను. అయితే దాని పరిధి దానికుంది. పని ఎక్కువై వచ్చే కోపాన్ని ‘ఉద్యోగం ఉన్నందుకు ధన్యవాదాలు’ అనే మాటతో కప్పితే, మిగిలిన కోపం మన మీదికే తిరుగుతుంది. మీకు జరుగుతున్నది అదే. కృతజ్ఞత లేనిదాన్నని తిట్టుకుంటున్నారు చూడండి, ఆ తిట్టు ముందు ఆపాలి. మేనేజరుకు చెప్పవలసింది మేనేజరుకే చెప్పాలి.

నా పద్ధతి చిన్నది. డ్యూటీ అప్పగించేటప్పుడు, ముందు షిఫ్టులో ఎవరైనా నా పని తేలిక చేసి ఉంటే వాళ్ల ఎదురుగానే చెబుతాను. ‘సెలైన్ లేబుళ్లు రాసిపెట్టావు, నాకు పది నిమిషాలు మిగిలాయి’ అని. అంతే, పుస్తకం లేదు.

ఇంకొకటి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏడుపు రోజూ వస్తున్నా డాక్టరును కలవండి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను ఉంది, 14416కు ఫోను చేయవచ్చు. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితేనే బెదిరే కుటుంబాలు మనవి, అందుకే చెబుతున్నాను: ఇది ఇంట్లో కూర్చుని చేసే ఫోను.

మలక్‌పేట కిరాణా:
నాకు పరిశోధనలు తెలియవు. మా వీధికి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వాల్వ్ తిప్పే లైన్‌మన్‌ను వీధి మొత్తం తిడుతుంది, నాతో సహా. ఒకసారి “నిన్న రెండో అంతస్తుకు కూడా మోటారు లేకుండా ఎక్కాయి, బాగా వదిలావయ్యా” అన్నాను. సైకిల్ ఆపి, ఏ వాల్వ్ ఎంత తిప్పితే ఏ గల్లీకి తగ్గుతుందో, మా వీధి చివరివాళ్లకు ఎందుకు అందదో అంతా వివరించాడు. నీళ్లు ఇప్పటికీ ఆలస్యంగా వచ్చే రోజులున్నాయి. కానీ బిందెలు పట్టుకుని నిలబడినప్పుడు నాకు బీపీ పెరగడం తగ్గింది, కారణం తెలుసు కాబట్టి.

మియాపూర్ ప్రయాణికుడు:
రాయడం విసుగైతే ‘లేదనుకొని’ చూడండి. ఒక మంచి విషయం జరిగిందని తలచుకోవడంకంటే, అది జరగకపోయి ఉంటే ఎలా ఉండేదో ఊహించడమే మనసుకు ఎక్కువ ఊరటనిస్తుందని 2008లో ఒక అధ్యయనం వచ్చింది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో 2019 మార్చిలో కదా మొదలైంది. అంతకు ముందు అదే దారిలో బస్సులో నిలబడి వెళ్లినవాణ్ణి. రద్దీలో ఊపిరాడనప్పుడు ఆ ట్రాఫిక్‌ను తలచుకుంటాను. ఊపిరి ఆడుతుందని కాదు, తిట్టు నోట్లోనే ఆగుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ అకౌంటెంట్:
అందరికీ ధన్యవాదాలు, ఇది మాత్రం మనస్ఫూర్తిగానే. రోజూ రాయడం మానేశాను. ఆదివారం ఒక్క విషయమే రాశాను: ‘బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కలవని ఎంట్రీలను మా జూనియర్ నేను అడగకముందే వెతికి పెట్టింది. ఎందుకు? పోయిన నెల నేను రాత్రి దాకా కూర్చోవడం ఆ అమ్మాయి చూసింది.’ ఆ రెండో వాక్యం రాసేదాకా నాకే తట్టలేదు. సోమవారం ఆ అమ్మాయితో చెబితే సిగ్గుపడిపోయింది.

నర్సు చెల్లెలూ, మేనేజరుకు కూడా చెప్పాను. శుక్రవారం నాలుగు దాటాక వచ్చిన ఫైలు సోమవారం చూస్తానని. ‘చూద్దాం’ అన్నారు. చూద్దాం.

ఇప్పుడు కొత్త చిక్కు. అత్తగారు పుస్తకం వైపు చూపించి “నా గురించి ఏమైనా రాశావా?” అంటున్నారు. ఏం చెప్పను?

వనస్థలిపురం రిటైర్డ్ మాస్టారు:
రాసి చూపించండి. ‘మా అత్తగారు దేవత’ అని మాత్రం వద్దు, నమ్మరు. మోకాళ్ల నొప్పితోనే చిక్కుడుకాయలకు ఈనెలు తీసిపెట్టారనో, మీ అబ్బాయిని లెక్కలకు లేపారనో, నిజంగా జరిగింది ఒకటి రాయండి. తేదీ వేయడం మరవకండి.