620 బిల్లులు, ఒక్క చట్టం: రాన్ పాల్ చట్టసభలో నెగ్గినట్టా, ఓడినట్టా?

కృష్ణాతీరం

వేరే చర్చలో ఒకరు రాన్ పాల్‌ను ‘అమెరికా కాంగ్రెస్ చూసిన ఒకే ఒక్క నిజాయితీపరుడు’ అన్నారు. అక్కడ వాదిస్తే అసలు విషయం పక్కకు పోతుందని దీన్ని విడిగా పెడుతున్నాను.

తెలియనివారికి నాలుగు ముక్కలు. ఆయన టెక్సస్ గల్ఫ్ తీరం నుంచి మూడు విడతలుగా ప్రతినిధుల సభలో కూర్చున్న రిపబ్లికన్. 1976లో కొద్ది నెలలు, 1979 నుంచి 85 దాకా, మళ్లీ 1997 నుంచి 2013 దాకా. వృత్తిరీత్యా ప్రసూతి వైద్యుడు. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ డాలరుకూ బంగారానికీ ఉన్న ముడి తెంచేశాడు. తనను రాజకీయాల్లోకి లాక్కొచ్చింది ఆ ప్రకటనే అని చెప్పుకుంటాడు. అధ్యక్ష పదవికి మూడుసార్లు ప్రయత్నించాడు: 1988లో లిబర్టేరియన్ పార్టీ (ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువ ఉండాలనే పార్టీ) తరఫున, 2008లోనూ 2012లోనూ రిపబ్లికన్ ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే పోటీల్లో.

ఇక నా లెక్క. 2011 చివరి దాకా ఆయన ప్రవేశపెట్టిన బిల్లులు 620. ఓటింగుదాకా వచ్చినవి నాలుగు. చట్టమైంది ఒకటి. ఆ ఒక్కటీ దేనికనుకున్నారు? టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్‌ ఊళ్లో ఉన్న పాత కస్టమ్స్ భవనాన్ని అక్కడి చారిత్రక సంస్థకు అమ్మడానికి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌ను రద్దు చేస్తానని బయలుదేరిన మనిషి చివరికి ఒక పాత భవనానికి రిజిస్ట్రేషను చేయించి ఇంటికెళ్లాడు. ఓట్లేసిన జనానికి ఏం ఒరిగింది?

నల్లకోటు

కృష్ణాతీరం గారూ, బిల్లులను తూకం రాళ్లలా లెక్కపెడితే ఎలా? ప్రతిదానికీ తల ఊపే సభలో ‘కాదు’ అనే గొంతు ఒకటి రికార్డుకెక్కడమూ చట్టసభ పనే. ఆయనకు ‘డాక్టర్ నో’ అని పేరొచ్చింది ఊరికే కాదు.

2002 అక్టోబరు సంగతి చూడండి. ఇరాక్ మీద బలప్రయోగానికి అధ్యక్షుడికి అధికారమిచ్చే తీర్మానం అంతర్జాతీయ సంబంధాల కమిటీ ముందుకు వచ్చింది. ఈయన ఒక సవరణ పెట్టాడు: రాజ్యాంగంలో ఉన్నట్టు సూటిగా యుద్ధమే ప్రకటిద్దాం, బాధ్యత మనమే మోద్దాం అని. తాను మాత్రం దానికి వ్యతిరేకంగా ఓటేస్తానని ముందే చెప్పాడు. ఛైర్మన్ హెన్రీ హైడ్ జవాబు ఏమిటంటే, రాజ్యాంగంలోని కొన్ని విషయాలకు కాలం చెల్లిందని! ఆయనా సంప్రదాయవాద రిపబ్లికనే. తీర్మానం సభలో 296–133 ఓట్లతో నెగ్గింది. సొంత పార్టీ అధ్యక్షుడు అడిగితే కాదన్న రిపబ్లికన్లు ఆరుగురు. వాళ్లలో ఈయన ఒకడు.

మన దగ్గరైతే విప్ ధిక్కరించినందుకు రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధం) కింద సభ్యత్వం పోయేది. అక్కడ పోదు, అయినా మిగతావాళ్లు ‘కాదు’ అనలేకపోయారు. ఆ యుద్ధం ఎలా ముగిసిందో చూశాక కూడా కస్టమ్స్ భవనం లెక్క తీస్తారా?

కృష్ణాతీరం

ఆ ఓటు మంచిదే, ఒప్పుకుంటాను. కానీ ‘కాదు’ అనడం ఒక వ్యసనమైపోయిందాయనకు. 1999లో రోజా పార్క్స్‌కు (బస్సులో తెల్లవారికి సీటు వదలనన్న నల్లజాతి ఉద్యమకారిణి) కాంగ్రెస్ స్వర్ణపతకం ఇచ్చే బిల్లు 424–1తో నెగ్గింది. ఆ ఒక్కటి ఈయనే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

నల్లకోటు

దాని వెనక ఏమన్నాడో కూడా చెప్పాలి కదా. పతకానికి 30 వేల డాలర్లు ప్రజల డబ్బు ఎందుకు, తలా వంద డాలర్లు మన జేబులోంచి వేసుకుందాం, నేను వేస్తాను అన్నాడు. తోడు ఎవరూ రాలేదు. పింఛను వద్దన్నాడు, కార్యాలయ ఖర్చులో మిగిలింది ఖజానాకు తిప్పి పంపేవాడు.

భీమవరం రొయ్య

జేబు దగ్గర నిజాయితీ సరే. మా రొయ్యల సంగతి చూడండి.

ఆయన నియోజకవర్గం సముద్రపు రొయ్యలు పట్టేవాళ్లది. మన దగ్గర నుంచీ థాయిలాండ్ నుంచీ వెళ్లే చెరువు రొయ్య చౌక. ఆ పోటీకి తట్టుకోలేక గల్ఫ్ తీరంవాళ్లు ఫిర్యాదు చేస్తే 2005లో మన ఎగుమతుల మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా దించుతున్నారని వేసే అదనపు సుంకం) పడింది. అప్పట్లో మా వైపు చెరువుల్లో టైగర్ రొయ్య. ఆ రోజుల్లో సుంకం ఎంత పడుతుందోనని మా నాన్నగారు పొద్దున్నే పేపరు కోసం గుమ్మంలో నిలబడేవారు.

సరిగ్గా ఆ కాలంలోనే ఈ స్వేచ్ఛా వాణిజ్య ప్రవక్త ‘అమెరికా సముద్రపు రొయ్య’ ప్రచారానికి లక్షల డాలర్లు కావాలని ఖర్చుల బిల్లులో రాయించాడు. ఇయర్‌మార్క్ అంటారు దాన్ని, ఫలానా ఊరికి ఫలానా పనికి ఇంత అని ముందే పేరు పెట్టించుకోవడం. అసలు తమాషా ఇప్పుడు. తన కోరికలన్నీ బిల్లులో చేర్పించి, ఓటింగు రోజున బిల్లుకు వ్యతిరేకంగా ఓటేస్తాడు! ఎలాగూ నెగ్గుతుందని తెలుసు. రొయ్యలవాడికి డబ్బు వస్తుంది, ఈయనకు పేరు దక్కుతుంది. విస్తరి ముందు కూర్చుని, ఉపవాసం అని చెప్పి, పక్కవాడు వడ్డించాక తినడం కాదా ఇది?

నల్లకోటు

మా జనం కట్టిన పన్నును మా జనానికి తిరిగి తెప్పిస్తున్నాను, పేరు పెట్టకపోతే ఆ డబ్బు అధికారుల ఇష్టానికి పోతుంది అనేది ఆయన సమాధానం. తర్కం ఉంది. కొంచెం సౌకర్యంగా ఉంది, అదీ నిజమే.

బ్రజోస్ ఒడ్డున

నేను ఉద్యోగరీత్యా ఆరేళ్లు లేక్ జాక్సన్‌లో ఉన్నాను. ఆయన ఊరు. రసాయనాల కర్మాగారం కోసం వెలసిన ఊరు అది. ‘ఈ దారి’, ‘ఆ దారి’ అని అర్థమొచ్చేలా దిస్ వే, దట్ వే అనే వీధులు నిజంగానే ఉన్నాయి. పై ఉలిపికట్టె సామెత చదివి నవ్వొచ్చింది.

ఆ ఊళ్లో ఆయన రాజకీయం నచ్చనివాళ్లు కూడా ‘మా అక్కకు పురుడు పోసింది ఆయనే’ అనేవారు. నాలుగు వేలకు పైగా కాన్పులు చేసిన డాక్టరు. ప్రభుత్వ వైద్య పథకాల సొమ్ము తీసుకునేవాడు కాదు. డబ్బు లేనివాళ్లకు తక్కువకో ఉచితంగానో చూసేవాడు. అన్నిసార్లు గెలవడానికి సగం కారణం అక్కడే ఉందని నా అనుమానం.

నాకు గుచ్చుకునేది వేరే. 2005లో కత్రినా తుపాను బాధితులకు 51.8 బిలియన్ డాలర్ల సాయాన్ని కాదన్న 11 మందిలో ఈయన ఉన్నాడు. 2011లో ఒక తుపాను వస్తుంటే, ఫెడరల్ విపత్తు సంస్థ అక్కర్లేదు, 1900లో ఉన్నట్టు ఉండాలి అన్నాడు. 1900! గాల్వెస్టన్ ఆయన నియోజకవర్గంలోదే. ఆ ఏడాది సెప్టెంబరు తుపానులో అక్కడ ఆరు నుంచి ఎనిమిది వేల మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో అంతకు మించి ప్రాణాలు తీసిన ప్రకృతి విపత్తు లేదు.

ఇంకో వైపు కూడా ఉంది. తరవాత కట్టిన 17 అడుగుల సముద్రపు గోడకు మొదటి డబ్బు కౌంటీ (మన జిల్లా లాంటిది) బాండ్ల నుంచి వచ్చింది, వాషింగ్టన్ నుంచి కాదు. ఊరినే ఎత్తు చేశారు. రెండు వేలకు పైగా కట్టడాలను చేత్తో తిప్పే జాకీలతో పైకి లేపి, కింద సముద్రం నుంచి తోడిన ఇసుక నింపారు. ఒక పెద్ద చర్చిని కూడా అలాగే లేపారు. ఆ గోడ మీద నడిచిన ప్రతిసారీ ఆయన చెప్పింది సగం ఒప్పే అనిపించేది. కొంత దూరం పోయాక సైనిక స్థావరం ముందున్న గోడ వస్తుంది. ఆ ముక్క ఫెడరల్ ప్రభుత్వం కట్టింది. అక్కడ మళ్లీ మనసు మారేది.

డాక్టరమ్మ

నేనూ ఆ వృత్తిలోదాన్నే. నాలుగు వేల కాన్పుల చేతికి దణ్ణం. కానీ ఇంతసేపు ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది.

1980ల చివర, 90ల మొదట్లో ఆయన పేరుతో చందాదారులకు వార్తాలేఖలు వెళ్లేవి. వాటిలో నల్లజాతివారి మీద రాసిన రాతలు ఇక్కడ తిరిగి రాయలేను. 1996 ఎన్నికల్లో ప్రత్యర్థి వాటిని బయటపెట్టినప్పుడు ‘నేను రాయలేదు’ అనలేదాయన. సందర్భం నుంచి విడదీసి చూపుతున్నారన్నాడు. 2001కి వచ్చేసరికి రాసింది వేరేవాళ్లు అన్నాడు. నా పేరు అచ్చయిన చీటీ మీద తప్పు మందు ఉంటే, అది కాంపౌండరు రాశాడని రోగికి చెప్పగలనా? అదీ ఐదేళ్లు ఆగి?

రోజా పార్క్స్ ఓటు వెనక సూత్రమే ఉందని నేనూ నమ్ముతాను. ఈ లేఖలు చదివినవాళ్లు నమ్మకపోతే మాత్రం తప్పు వాళ్లది కాదు.

నల్లకోటు

దీనికి నా దగ్గర సమాధానం లేదు డాక్టరమ్మ గారూ. ఆయన దగ్గరా లేకపోయింది.

అసలు ప్రశ్నకు వస్తాను. ఫెడరల్ రిజర్వ్ ఖాతాలను తనిఖీ చేయాలని దశాబ్దాలుగా అడిగితే పిచ్చివాడన్నారు. 2008 ఆర్థిక పతనం తరవాత అదే బిల్లుకు 300 మందికి పైగా సభ్యులు సంతకాలు చేశారు. 2010 ఆర్థిక సంస్కరణల చట్టంలో ఒక్కసారికి పరిమితమైన తనిఖీ చేరింది. సెనేట్‌లో దాన్ని చేర్పించింది ఎవరు? సోషలిస్టునని చెప్పుకునే బెర్నీ శాండర్స్! ఏ బ్యాంకుకు అత్యవసర అప్పు ఎంత వెళ్లిందో ఆ చట్టం వల్ల చాలావరకు బయటపడింది. 2012 జులైలో పూర్తి తనిఖీ బిల్లు సభలో 327–98తో నెగ్గి, సెనేట్‌లో ఆగిపోయింది. 620 లెక్కలో ఇదెక్కడా కనపడదు.

కృష్ణాతీరం

సరే, ఆ తనిఖీని అర చట్టంగా కలిపి మొత్తం ఒకటిన్నర అని రాసుకుంటాను. 2012 నవంబరులో సభకు వీడ్కోలు చెబుతూ, తాను సాధించింది చాలా తక్కువ అని ఆయనే ఒప్పుకున్నాడు. నేను అన్నదీ అదే, నన్నెందుకు తిడుతున్నారో తెలియదు.

భీమవరం రొయ్య

రొయ్యల డబ్బు గురించి కూడా ఆ ప్రసంగంలో ఏమైనా అన్నాడా అండి?