అప్‌డేట్: అమ్మే ముందు మోడ్యులర్ కిచెనా, చెమ్మ రిపేరా? తేలిపోయింది

విజయనగరం తోటపాలెంలోని చెమ్మ పట్టిన పాత డాబా ఇల్లు అమ్మే ముందు మోడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ చేయించాలా అని ఇక్కడే అడిగాను. ఇల్లు అమ్ముడైంది. అందరికీ థాంక్స్. "ముందు చెమ్మ సంగతి చూడండి" అన్నవాళ్లదే కరెక్ట్.

సివిల్ ఇంజనీరు చూస్తే శ్లాబు బాగానే ఉంది. నీళ్లు దిగుతున్నది పిట్టగోడ, శ్లాబు కలిసే మూలలో. అక్కడ పాత ప్లాస్టరింగ్ కొట్టేసి, 1:3 సిమెంటు ఇసుక మాలులో వాటర్‌ప్రూఫింగ్ లిక్విడ్ కలిపి, మూల పొడవునా గుండ్రంగా మెత్తించాం. వారం పాటు నీళ్లతో తడుపుతూ క్యూరింగ్. బాగా ఆరాక వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండుసార్లు, రెండోది మొదటిదానికి అడ్డంగా. ఆపైన తూములు మూసి, డాబా మీద రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి, ఇంకా కారుతోందేమో చూశాం. గోడ ఆరకముందే పుట్టీ పెడితే పొక్కులొచ్చేస్తాయి, అందుకే పెయింటుకి నెల ఆగాం.

కిచెన్ ఊసు ఎవరూ ఎత్తలేదు. కొన్నవాళ్లది బ్యాంకు లోను. ఇంటికి విలువ కట్టడానికి బ్యాంకు తరఫున వచ్చిన వాల్యుయేటరు అడిగినవి ప్లాన్ అప్రూవల్, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు. మేడ మీది రేకుల గది ప్లాన్‌లో లేదని లెక్కలోకే తీసుకోలేదు. దానికి టైల్స్ వేయించమన్న సలహా వినకపోవడమే మంచిదైంది.