అప్‌డేట్: "మీ ప్రాంతంలో ఈ ఈబుక్ అందుబాటులో లేదు" గొడవ ఎక్కడిదాకా వచ్చిందంటే

మొన్న అడిగా కదా, ఒక సిరీస్‌లో మొదటి రెండు భాగాలు ఈబుక్‌గా కొనుక్కున్నా, మూడోది మాత్రం మా ప్రాంతంలో అమ్మట్లేదు, ఏం చెయ్యాలి అని. జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండి.

స్టోర్ వాళ్ళని అడిగితే పబ్లిషర్ హక్కులివ్వలేదని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు, దాంతో నేరుగా పబ్లిషర్‌కే మెయిల్ పెట్టా, అక్కడ ఒకావిడ ఓపిగ్గా వివరంగా రాసింది. హక్కులు దేశాలవారీగా పుస్తకం పుస్తకానికీ విడిగా అమ్ముతారట, మూడో భాగం మా వైపు వేరే కంపెనీ చేతికెళ్ళింది, వాళ్ళేమో డిజిటల్ ఎడిషన్ తేనేలేదు. అచ్చు పుస్తకమైతే అమ్మేవాడు ఏ దేశంలో ఉన్నాడో చూస్తారు కాబట్టి బయటినుంచి తెప్పించుకోవచ్చు, ఈబుక్‌కి మాత్రం కొనేవాడు ఎక్కడున్నాడో చూస్తారు, అదీ చాలాసార్లు కార్డు బిల్లింగ్ అడ్రస్ బట్టి, అందుకే వీపీఎన్ (వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) పెట్టినా చాలావరకు పని జరగదు. అదే పేజీలో అచ్చు పుస్తకం పక్కన కొనండి అని బటన్ వెలుగుతూ ఉంటుంది, ఈబుక్ బటన్ బూడిద రంగులో చచ్చి పడుంటుంది, చూస్తే ఒళ్ళు మండిపోతుంది. యూరప్‌లో 2018లో జియోబ్లాకింగ్ (కొనేవాడి దేశాన్ని బట్టి అమ్మకం ఆపెయ్యడం) మీద రూల్ తెచ్చారు గానీ అందులో కూడా ఈబుక్స్‌ని వదిలేశారు!

డబ్బులిస్తామనే పాఠకుణ్ణి తిప్పి పంపడం అన్యాయమే, అయినా పైరసీ కాపీ లింకు పంపిన వాళ్ళకి ఒకటే చెప్పా, రచయితకి పైసా రాని దారి నాకొద్దు. హక్కులున్న ఆ కంపెనీకి ఈబుక్ తెమ్మని రాశా, రిప్లై వస్తే ఇక్కడే పెడతా.