ఘాట్‌లో పికప్ బండి లాగడం లేదు, యాక్సిలరేటర్ కేబుల్ ఎంత బిగించాలి?

ప్రశ్న (కడప):
అన్నా, నాది పాత డీజిల్ పికప్, మెకానికల్ పంపు (యాక్సిలరేటర్ కేబుల్‌తో నడిచే డీజిల్ పంపు) బండి. ఉల్లిగడ్డల లోడుతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే పెడల్ పూర్తిగా తొక్కినా పాకుతూ పోతోంది, ఖాళీగా ఉంటే బాగానే ఉంది. డీజిల్ ఫిల్టర్ మార్చినా అంతే. మొన్ననే కొత్త కేబుల్ వేయించాను. నాకు భయంగా ఉంది.

జవాబు (కర్నూలు):
తమ్ముడూ, కొత్త కేబుల్ అన్నావు కదా, ముందు అదే చూడు. ఇంజన్ ఆపి, ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కమని చెప్పి, నువ్వు పంపు మీది లివర్ చూడు, అది ఫుల్ స్టాపర్ బోల్టుకు తగలాలి. సందు మిగిలితే కేబుల్ లూజు. కేబుల్ లాక్ నట్టు వదులు చేసి దాని అడ్జస్టర్ కొద్దికొద్దిగా తిప్పు. మరీ బిగించొద్దు, పెడల్ వదిలితే లివర్ ఐడిల్ స్టాపర్ మీదికి తిరిగి రావాలి, లేదంటే ఇంజన్ స్పీడు దిగదు, ఘాట్ దిగేటప్పుడు చాలా ప్రమాదం. పంపు మీద సీలు వేసిన స్క్రూ మాత్రం ముట్టుకోవద్దు.

జవాబు (అనంతపురం):
నేను కువైట్‌లో ఆటోమేటిక్ బండ్ల పని చేసి వచ్చాను. కిక్‌డౌన్ కేబుల్ (పెడల్ ఎంత తొక్కామో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు అందించే కేబుల్) ఉన్న బండి అయితే ముందు యాక్సిలరేటర్ సరిచేశాకే దాని జోలికి పోవాలి. అది లూజుగా ఉంటే పెడల్ మొత్తం తొక్కినా కింది గేరు పడదు. చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ కూడా దాన్నిబట్టే ఉంటుంది, అలాగే నడిపితే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
చూశాను అన్నా, వేలు పట్టేంత సందు ఉంది. పెడల్ కింద మ్యాట్ కూడా అడ్డం పడుతోంది, తీసేశాను. రేపు లోడుతో ఎక్కి చెబుతా.